పక్కకు జరగని వేళ్లు

నాలుగో రోజు పొద్దున ఆ వార్డులో ఆడవాళ్లందరూ సిద్ధమ్మ వేళ్లకేసి చూసి మురిసిపోతున్నారు. మురిసిపోయే సంగతే మరి. తుంటి ఎముక విరిగి, ఆపరేషనై, కాలు కదపలేక వెల్లకిలా పడుకున్న అరవై ఎనిమిదేళ్ల మనిషి, మంచం కమ్మీకి కట్టిన పట్టుపోగుల కట్టను పట్టుకుని కొసలు మెలిపెడుతూ, మాటా పలుకూ లేకుండా తన పనిలో తానుంది. పక్క మంచంలో మోకాలికి కట్టు కట్టించుకున్న గుల్జార్ బీ అయితే, తన కోసం వచ్చిన ప్రతి చుట్టానికీ వేలు పెట్టి మరీ చూపిస్తోంది.

"సూడండి ఆ యమ్మను. మొన్న అరిచి గోల చేసిన మనిషేనా అనిపిస్తాది. చేతికి పని దొరికినాక ఎంత నెమ్మదిగా ఉండాదో!"

కొడుకు కదిరప్ప ఆ మాట విన్నప్పుడల్లా మీసం సవరించుకుంటున్నాడు. కూతురు గోవిందమ్మ సంచులు సర్దుతోంది. మధ్యాహ్నానికి బండి వస్తుంది. కుప్పంలోని ఈ పెద్దాసుపత్రి నుంచి తల్లిని పుంగనూరులో తన ఇంటికి తీసుకుపోవాలని ఆమె పట్టు.

అందరి మనసూ కుదుటపడిన ఆ పొద్దున ఒక్క కోడలు మునిలక్ష్మికే కాలు నిలవడం లేదు. మంచం దగ్గర ఉంటే వరండాలోకి పోవాలనిపిస్తోంది. వరండాలోకి పోతే తలుపు సందులోంచి మళ్లీ అత్త చేతులు చూడాలనిపిస్తోంది. ఆ చేతుల్లో ఏదో తప్పుంది. ఏమిటో అంతు పట్టడం లేదు. పైకి చెబుదామా అంటే ఆమె మాట వినే నాథుడు అక్కడ లేడు. ఎందుకు లేడో తెలియాలంటే ఓ వారం వెనక్కి పోవాలి.

సిద్ధమ్మది మదనపల్లె. నేతగాళ్ల వీధుల్లో ఆమె చేయి పడని మగ్గం లేదు. మగ్గం మీద పడుగు, అంటే చీర నిలువు పోగులు, అయిపోవచ్చినప్పుడు కొత్త పడుగును మొదటినుంచి ఎక్కించరు. పాత పోగుల కొసలకు కొత్త పోగుల కొసలు ఒక్కొక్కటే అతుకుతారు. పట్టుచీరకైతే నాలుగు వేల పైచిలుకు పోగులు. ముడి వేయకూడదు, వేళ్లకు బూడిద అద్దుకుని మెలిపెట్టాలి. ఒక్క పోగు తప్పినా చీర పొడుగునా గీత పడుతుంది. నలభై ఏళ్లు ఇల్లిల్లూ తిరిగి ఈ పని చేసిన సిద్ధమ్మ, పోగు తప్పిందని ఒక్కరి చేతా అనిపించుకోలేదు. ఈ ముక్క ఎవరూ అడగకపోయినా రోజుకు నాలుగుసార్లు ఆమే చెప్పుకునేది.

కోడలికీ ఆమే నేర్పింది. వాల్మీకిపురంలో సేద్యం చేసుకునే ఇంటినుంచి కాపురానికి వచ్చిన పద్దెనిమిదేళ్ల పిల్లకు వేరుశనక్కాయ తెలుసుగానీ పట్టుపోగు తెలియదు. మొదటి పడుగు అతకడానికి మూడు రోజులు పట్టింది. సిద్ధమ్మ వెనకాల కూర్చుని తిట్టిన తిట్టు తిట్టకుండా తిట్టింది. "అతికినదాన్నే యాల తడుముతావు మే? జరుగు, పక్క పోగుకు జరుగు!" అప్పటినుంచి పదహారేళ్లు అత్తాకోడళ్లు మగ్గం ముందు ఒకే చెక్కపలక మీద పక్కపక్కన కూర్చున్నారు. పొద్దునొక జగడం, సాయంత్రమొక రాజీ. చిన్నప్పుడే తల్లి పోయిన మునిలక్ష్మికి ఆ తిట్లు వినకపోతే పూట గడిచినట్టుండేది కాదు. ఆ సంగతి ఆమె ఎవరితోనూ అనలేదు. అనవలసిన అవసరం వస్తుందని కూడా అనుకోలేదు.

2007 ఆగస్టులో, శ్రావణమాసపు గిరాకీ జోరుగా ఉన్న రోజుల్లో, ఎవరింటి గడపలోనో తడి బండ మీద సిద్ధమ్మ కాలు జారింది. "పుత్తూరు కట్టు కట్టిస్తే సరిపోతాది" అంది పుంగనూరు నుంచి పరుగెత్తుకొచ్చిన గోవిందమ్మ. మదనపల్లె డాక్టరు ఎక్స్‌రే ఫిల్ము చూసి తల అడ్డంగా ఊపాడు. ఇది కట్టుతో పోయేది కాదు, తుంటి ఎముక, పెద్ద ఆపరేషన్, కుప్పం తీసుకుపొమ్మన్నాడు.

ఆపరేషన్‌కు ముందురోజు, ఆదివారం, డాక్టర్ యమున వచ్చింది. గుడుపల్లె పిల్ల, మత్తు డాక్టరు కావడానికి పైచదువు చదువుతోంది. చేతిలో ఒక పెద్ద పుస్తకం. పెద్ద ఆపరేషన్లు అయ్యాక కొంతమంది ముసలివాళ్లకు మతి చెదురుతుందట. ఎవరికి చెదరబోతుందో రక్తంలో ముందుగానే ఏదైనా గుర్తు కనిపిస్తుందా అన్నది ఆమె పరిశోధన. అందుకు మూడుసార్లు రక్తం కావాలి: ఆపరేషన్‌కు ముందు, మర్నాడు, నాలుగో రోజున. కదిరప్ప సంతకం పెట్టాడు. యమున రక్తం తీసుకుని, ఇరవై నుంచి వెనక్కి లెక్కపెట్టమని సిద్ధమ్మను అడిగింది.

"వెనక్కి యాల పెట్టల్ల తల్లీ? పోగులు ముందుకే గదా పోయేది" అంది సిద్ధమ్మ. అయినా ఇరవై నుంచి ఒకటిదాకా తడుముకోకుండా చెప్పి, "ఇంగ నాలుగువేల నుంచి చెప్పమంటావా?" అని అడిగింది. యమున పగలబడి నవ్వింది.

సోమవారం ఆపరేషన్ బాగా జరిగింది. మంగళవారం పగలంతా మనిషి మగతగా ఉంది. మధ్యాహ్నం యమున వచ్చి రెండోసారి రక్తం తీసుకుపోయింది. దీపాలు వేసే వేళకు మునిలక్ష్మి అత్త తల కాస్త ఎత్తి చెంచాతో నీళ్లు పట్టింది. సిద్ధమ్మ ఒక గుక్క పుక్కిట పట్టి, కోడలి ముఖంలోకి చూసి, ఆ నీళ్లన్నీ ఆమె ముఖాన ఊసింది.

"ఎవరు నువ్వు? నా కోడలి చీర కట్టుకోనొచ్చిండావే! నా మునిని ఏం జేసినావు? ఏమో కలిపింది నీళ్లల్లో, ఏమో కలిపింది! గోవిందూ!"

వార్డంతా లేచి కూర్చుంది. చేతికున్న సెలైన్ సూది ఊడింది, నెత్తురు చిమ్మింది. ఇద్దరు నర్సులు, కదిరప్ప, ఒక వార్డు ఆయా కలిసి పట్టుకుంటే తప్ప ఆమె మంచం మీద ఆగలేదు. చివరికి మెత్తటి గుడ్డలతో చేతులు కట్టారు. మునిలక్ష్మి గోడకు ఆనుకుని నిలబడిపోయింది. ముఖం మీది నీళ్లు తుడుచుకోవాలన్న ధ్యాస కూడా లేదు. ఆమెను కోసింది తిట్టు కాదు. తిట్లు ఆమెకు కొత్తా? తన కళ్లెదుట, తన గురించి, తననే చూసి భయపడుతూ ఆ ముసలిది కోడలికోసం ఏడుస్తోంది.

కాస్త సద్దుమణిగాక గోవిందమ్మ మెల్లగా అడిగింది.

"నీళ్లల్లో తెల్లగా ఏమో కలిపినావు, నేనూ సూసినా. ఏమది?"

"గ్లూకోజు పొడి వదినా. నర్సమ్మే ఇచ్చింది."

"ఊ" అంది గోవిందమ్మ. ఆ ఒక్క అక్షరంతో పదహారేళ్ల కాపురం ఎటుపోయిందో మునిలక్ష్మికి తెలియలేదు. ఆ రోజునుంచి నీళ్లు, గంజి, మాత్రలు అన్నీ గోవిందమ్మ చేతిమీదుగానే. మునిలక్ష్మి మంచం దగ్గరికి వస్తే చాలు, ఆమె చూపు కోడలి చేతుల మీద ఉండేది. గోవిందమ్మ దుర్మార్గురాలేం కాదు. తల్లి అరిచి చెప్పిన మాటను కూతురు ఎలా కొట్టిపారేస్తుంది?

బుధవారానికి అరుపులు ఆగిపోయాయి. సిద్ధమ్మ పిలిస్తే పలకడం లేదు, కళ్లు సగం మూసుకుని దుప్పటి అంచును వేళ్లతో ఏరుతోంది. చేతుల కట్లు విప్పేశారు. అది చూసి కదిరప్పకు ప్రాణం లేచొచ్చింది. "అమ్మ చేతులు పనికోసరం తడుముకుంటాండాయి" అన్నాడు. ఆ మాట ఇంకెవరైనా అంటారా? మగ్గం గుంటలో పుట్టి పెరిగినవాడికే అలా తోస్తుంది. మగ్గం చూసుకోవడానికి మదనపల్లె పోయి, బేస్తవారం సాయంత్రం తిరిగి వస్తూ కోసేసిన పడుగు కొసలు ఒక కట్ట తెచ్చి మంచం కమ్మీకి బిగించాడు. సిద్ధమ్మ వేళ్లు వాటిని అందుకున్నాయి. మెలిపెట్టడం మొదలుపెట్టాయి. శుక్రవారం పొద్దున రౌండ్లకు వచ్చిన పెద్ద డాక్టరు కూడా నిలబడి చూసి, "భేష్, స్థిమితపడింది" అని పక్క మంచానికి వెళ్లిపోయాడు.

గోవిందమ్మ అప్పుడే తేల్చేసింది. ఇది ఒంటి జబ్బు కాదు, గాలి చేష్ట. మనిషి నెమ్మదిగా ఉన్నప్పుడే ఇంటికి తీసుకుపోవాలి. పుంగనూరులో తాయెత్తు కట్టే పెద్దాయన ఉన్నాడు. కుట్లు అక్కడే తీయించుకోవచ్చు. కదిరప్పకూ మగ్గం ఆగిపోయిందన్న దిగులుంది. ఊ అన్నాడు. తీసుకుపోతామని రాసిచ్చే కాగితం మీద ఇంక సంతకం ఒక్కటే బాకీ.

డాక్టర్ యమున మూడో రక్తం కోసం వచ్చినప్పుడు గోవిందమ్మ మంచానికి అడ్డం నిలబడింది.

"ఎన్నిమాట్లు తీస్తారమ్మా? ముసలి మనిషి ఒంట్లో ఏముందని? రెండు తూర్లు తీసినారు, ఆ రెండో తూరి తీసినాకనే ఈ రోగమంతా."

"అది కాదమ్మా, ఈ రోజుదే ముఖ్యం..."

"మీ చదువుకు ముఖ్యం. మాకు మా యమ్మ ముఖ్యం."

యమున ముఖం చిన్నబోయింది. పరిశోధనకు ఒప్పుకోవడం, మానుకోవడం వాళ్ల ఇష్టం. బలవంతపెట్టకూడదు. మంచం మీద మనిషిని ఒకసారి చూసింది. కళ్లు మూసుకుని, చేతులు పనిలో ఉన్నాయి. "అవ్వా" అని పిలిస్తే, "అమ్మకు నిద్రొస్తాంది, లేపొద్దు" అంది గోవిందమ్మ. యమున వెనక్కి తిరిగింది.

మునిలక్ష్మి వరండాలో ఈ చివరినుంచి ఆ చివరికి నడుస్తోంది. కింద ఆవరణలో సుమో వచ్చి ఆగింది. డ్రైవర్ ముబారక్ వెనక సీటు మడిచి పరుపు వేస్తున్నాడు. ఇంకో గంట. నేనెందుకు కలవరపడుతున్నాను, అందరికీ బాగున్నది నాకొక్కదానికే బాగాలేదా, నా మీద నింద పడిందనేనా ఈ కడుపుమంట అని తన్ను తానే తిట్టుకుంది. తిట్టుకుంటూనే మళ్లీ తలుపు దగ్గరికొచ్చి నిలబడింది.

అతికేటప్పుడు ఎడమచేయి పాత పోగును, కొత్త పోగును ఏరి దగ్గర చేస్తుంది. కుడిచేతి బొటనవేలు, చూపుడువేలు మెలిపెడతాయి. మెలి పడిందా, రెండు చేతులూ పక్క పోగుకు జరుగుతాయి. మళ్లీ ఏరడం, మెలిపెట్టడం, జరగడం. పదహారేళ్లు పక్కనే కూర్చుని చూసిన చేతులవి. మునిలక్ష్మి కళ్లార్పకుండా చూసింది. ఏరుతోంది. మెలిపెడుతోంది. ఏరుతోంది. మెలిపెడుతోంది.

జరగడం లేదు.

మునిలక్ష్మి మెట్లు రెండేసి దిగుతూ కిందికి పరుగెత్తింది. కదిరప్ప ముబారక్‌తో కలిసి పరుపు సర్దుతున్నాడు.

"ఇదో, ఒక్క నిమిషం పైకి రా."

"యాలా? ఆసుపత్రి అన్నం రుచి మరిగి పోబుద్ధి కాలేదా ఏమి?" అన్నాడు కదిరప్ప, చాలా రోజుల తరవాత హుషారుగా.

"అత్తకు బాగలేదు."

అతని ముఖం మారిపోయింది. "ఇప్పుడు నువ్వొకటి మొదలుపెట్టినావా? అక్క ఏమనుకుంటాదో తెలుసు గదా నీకు."

"ఏమన్నా అనుకోనీ. నా మాట నమ్మొద్దు నువ్వు, నీ కండ్లు నమ్ము. నీ మగ్గానికి ముప్పై ఏండ్లు అతికిన చేతులు గదా అవి. వచ్చి సూడు. సూసి కూడా పోదామంటే నోరెత్తను."

ఆమె గొంతులో ఏం విన్నాడో గానీ వెంట వచ్చాడు. ఇద్దరూ మంచం పక్కన నిలబడ్డారు. మునిలక్ష్మి అత్తకు కనబడకుండా మొగుడి భుజం వెనక ఉంది. కదిరప్ప మొదట చిరునవ్వుతోనే చూశాడు. కాసేపటికి వంగాడు. ఆ వేళ్ల మధ్య ఉన్నది ఒకటే జత పోగులు. నిన్న సాయంత్రం తాను కట్టినప్పుడు మొదట అందుకున్న జతే. మెలిపెట్టీ మెలిపెట్టీ అది నూగు లేచి, మసిబట్టి, తెగడానికి సిద్ధంగా ఉంది. పక్కనున్న పోగులన్నీ కట్టినవి కట్టినట్టే మెరుస్తున్నాయి. ఒక్కదాన్నీ వేలు తాకలేదు.

"అమ్మా" అన్నాడు. "పక్క పోగుకు జరుగమ్మా."

వేళ్లు ఆగలేదు. అతను మెల్లగా ఆ జతను ఆమె వేళ్లలోంచి తప్పించాడు. చేతుల్లో ఏమీ లేదు. అయినా వేళ్లు అక్కడే, ఆ గాల్లోనే, ఏరుతున్నాయి, మెలిపెడుతున్నాయి. పోగు పోయిందన్న సంగతే వాటికి తెలియదు.

కదిరప్ప మంచం పట్టె మీద కూలబడ్డాడు. నలభై రెండేళ్ల మగాడు వార్డులో అందరి ముందూ ఏడ్చేశాడు.

"చేతులు ఈడుండాయి మునీ. అమ్మ లేదు. నేను పోగులు కట్టి ఆడుకుంటాండా."

"ఏమయిందిరా?" అంటూ గోవిందమ్మ సంచి వదిలేసి వచ్చింది. "దాని మాట విని నువ్వు కూడానా? నెమ్మదిగా ఉండాది గదా అమ్మ!"

"నెమ్మది కాదక్కా ఇది. నేత తెలిసినోన్ని, నాకు తెలుసు. డాక్టరమ్మను పిలుస్తాండా. నువ్వు గమ్మునుండు."

జీవితంలో మొదటిసారి తమ్ముడు అలా అనేసరికి గోవిందమ్మ నిజంగానే గమ్మున ఉండిపోయింది.

యమున పరుగున వచ్చింది. సిద్ధమ్మ భుజం తట్టి, కళ్లు తెరిపించి, ఇరవై నుంచి వెనక్కి చెప్పమంది. సిద్ధమ్మ "ఇరవై" అంది. మళ్లీ "ఇరవై" అంది. ఇంకోసారి కూడా అదే. యమున రక్తం తీసింది, మూత్రం గొట్టం సంచిలోంచి కొంచెం పట్టింది, పెద్ద డాక్టరుకు కబురు పెట్టి తానే సీసాలు పట్టుకుని ల్యాబ్‌కు పరుగెత్తింది.

తరవాతి రెండు గంటలు ఎలా గడిచాయో ఎవరూ చెప్పలేరు. ముబారక్ రెండుసార్లు హారన్ కొట్టి, పైకి వచ్చి సంగతి విని, బండి నీడకు పెట్టుకుంటానని వెళ్లాడు. గోవిందమ్మ సర్దిన సంచుల్లో ఒకదాన్ని విప్పి మళ్లీ మూసింది. మునిలక్ష్మి వరండా కొలుస్తూనే ఉంది. నాదే పొరపాటైతే? అలిసిపోయిన మనిషి వేళ్లను చూసి ఊరంతా గగ్గోలు పెట్టానేమో. ఇక జన్మలో గోవిందమ్మ ముఖం చూడగలనా? ఆ వెంటనే, పొరపాటే కానీ దేవుడా, నాదే పొరపాటు కానీ అని మొక్కుకుంది.

పొరపాటు కాలేదు. యమున కాగితం పట్టుకుని వచ్చింది.

"ఒంట్లో యాడన్నా మంట లేస్తే కాలేయం నుంచి ఒక పదార్థం రక్తంలోకి వస్తాది. సి.ఆర్.పి. అంటాము. ఆపరేషన్ కోతకే అది పెరుగుతాది, అందరికీ పెరుగుతాది. రెండు మూడు రోజులు పెరిగి, నాలుగో రోజుకు దిగుముఖం పట్టల్ల. అవ్వకు దిగలేదు. మంగళవారం ఉన్నదానికి మూడింతలయింది. మూత్రంలో చీము కణాలుండాయి. గొట్టం దావన పురుగు పాకింది. ఒంట్లో ఉప్పు కూడా పడిపోయింది."

"జొరం లేదు గదమ్మా?" అన్నాడు కదిరప్ప.

"ముసలోళ్లకు ఒక్కోసారి జొరం రాదు. మతి చెదరడమే జొరం. అరిస్తే అందరికీ తెలుస్తాది. ఇట్ల గమ్మున చెదిరితేనే ఎవరికీ తెలీదు, మా పెద్దసారుకు కూడా." ఆగి మునిలక్ష్మి వైపు తిరిగింది. "నేనూ పొద్దున నిద్రనుకోనే పోయినా. మీకెట్ల తెలిసిందక్కా?"

"వేళ్లు పక్కకు జరగలేదమ్మా" అంది మునిలక్ష్మి.

యమున తన పెద్ద పుస్తకం తెరిచింది. అందులో రక్తానికి గడులున్నాయి, లెక్కలకు గడులున్నాయి, దీనికి గడి లేదు. అంచున ఖాళీ చోట రాసుకుంది.

సాయంత్రానికి గొట్టం మార్చి పెద్ద మందులు మొదలుపెట్టారు. బండి వెనక్కి పోయింది. పట్టుపోగుల కట్టను కదిరప్పే విప్పేశాడు. అవ్వ కళ్లద్దాలు ఆమెకు పెట్టమని, పగలు కిటికీ తెరిచి ఉంచమని, అయినవాళ్లు పక్కన కూర్చుని మాట్లాడుతూ ఉండాలని యమున చెప్పింది. చెప్పి, కాస్త తటపటాయించి, ఇంకో మాట కూడా అంది. ఎవరిని చూస్తే బెదురుతోందో వాళ్లు కొన్నాళ్లు కంటబడకపోతే మంచిది.

కనిపెట్టినదానికి దక్కిన బహుమానం అదీ. ఎనిమిది రోజులు మునిలక్ష్మి వరండాలోనే ఉంది. తోడు వచ్చినవాళ్లు వండుకునే రేకుల షెడ్డులో రాగిసంగటి కెలికి, పప్పు ఎనిపి, గిన్నె మూతపెట్టి గోవిందమ్మ చేతికిచ్చేది. లోపలినుంచి అత్త గొంతు వినబడేది. రోజురోజుకూ కాస్త తేటపడుతున్న గొంతు. ఆరో రోజున, "నీ చేతి సంగటి ఇంత బాగయ్యింది ఎప్పుడే గోవిందూ?" అని అడగడం వినబడింది.

ఖాళీ గిన్నె తెచ్చిచ్చినప్పుడు గోవిందమ్మ కళ్లెత్తలేదు. "నువ్వు చేసిందని చెప్పలేదు. చెప్తే తినదేమోనని" అంది. తరవాత గిన్నె వదలకుండానే నిలబడి, "నేనూ ఆ పొద్దు..." అని ఆగిపోయింది. మునిలక్ష్మి గిన్నె తీసుకుంది. ఆ మాట పూర్తి కాకపోయినా ఫరవాలేదనిపించింది ఆమెకు.

తొమ్మిదో రోజు సిద్ధమ్మ వారం చెప్పింది, ఊరు చెప్పింది, ఇరవై నుంచి ఒకటిదాకా దిగింది. దిగి, "మునీ యాడ? ఇన్ని దినాలుగా రాలేదే, మగ్గం ఇడిసిపెట్టి రాలేకుండా ఉండాదా?" అంది. కదిరప్ప సంతోషంతో భార్య చేయి పట్టుకుని లాక్కొచ్చాడు. సిద్ధమ్మ ముఖం విప్పారింది. "వచ్చినావా" అంది. అంటున్నప్పుడే దుప్పటి మీదున్న ఆమె చేయి గబుక్కున దుప్పటి కిందికి పోయింది. కదిరప్ప చూడలేదు. మునిలక్ష్మి చూసింది. రెండడుగులు వెనక్కి వేసి, "బాగుండావా అత్తా" అని అక్కడినుంచే అడిగి, గిన్నెలు కడగాలని బయటికి వచ్చేసింది.

ఆఖరి రోజు యమున కాగితం చూపించింది. అన్నీ మామూలుకొచ్చాయి. మునిలక్ష్మి ఆమెను పక్కకు పిలిచి ఆ చేయి సంగతి చెప్పింది.

"కొందరికి ఆ రోజుల్లో చూసినవి గుర్తుంటాయక్కా. కల కాదు వాళ్లకు, జరిగినట్టే ఉంటాది. రక్తంలో దిగిపోయింది. భయం యాడుంటాదో మా మిషన్లకు తెలీదు."

అందుకే ఏర్పాటు మునిలక్ష్మే చేసింది. నడక వచ్చేదాకా రెండు నెలలు అత్త పుంగనూరులో కూతురి దగ్గర ఉండడమే మేలని ఆమే అంది. మగ్గం పని అనీ, తన ఒక్కదానితో కాదనీ సాకులు చెప్పింది. అందరూ తలాడించారు. ముబారక్ సుమోలో వెనక పరుపు మీద సిద్ధమ్మ, అటు కదిరప్ప, ఇటు గోవిందమ్మ. సంచులు ఒళ్లో పెట్టుకుని మునిలక్ష్మి ముందు సీట్లో కూర్చుంది. వి.కోట, పలమనేరు దాటేదాకా ఒక్కసారీ వెనక్కి తిరగలేదు. తన ముఖం కనబడితే ఆ చేయి మళ్లీ దుప్పటి కిందికి పోతుందని భయం. పదహారేళ్ల తిట్లు, పక్కపక్కన కూర్చున్న పలక, అన్నీ పుంగనూరులో దిగిపోబోతున్నాయి. రోడ్డు పక్క టమాటా తోటలు పోతూ ఉన్నాయి, ఆమెకు ఏమీ కనబడడం లేదు.

పుంగనూరులో గోవిందమ్మ వీధి మొదట్లో బండి ఆగింది. కదిరప్ప దిగి, తల్లిని ఎత్తుకోవడానికి చేతులు చాచాడు.

"నేను దిగను" అంది సిద్ధమ్మ.

"అమ్మా, రెండు నెలలే గదా" అంది గోవిందమ్మ. "ఆడ నీకు... మునీని సూస్తే నీకు..." మిగతాది మింగేసింది.

"చెప్పు. భయమని చెప్పు. నాకు తెలీదనుకుంటివా, మునికి కనబడలేదనుకుంటివా?" సిద్ధమ్మ ఆయాసపడుతూ ముందుకు వంగింది. "మునీ, ఇట్ల తిరుగు."

మునిలక్ష్మి తిరిగింది. ముసలి ముఖంలో భయం స్పష్టంగా ఉంది. కళ్లు పక్కకు పోదామని చూస్తున్నాయి. సిద్ధమ్మ వాటిని పట్టి నిలబెడుతోంది.

"నువ్వు నా కోడలివేనని నాకు తెలుసు. నా ఒంటికే ఇంగా తెలీలేదు. నువ్వు దూరంగా ముందర కూర్చుంటే దానికెట్ల తెలుస్తాది? వెనక్కి రా."

గోవిందమ్మ దిగి చోటిచ్చింది. మునిలక్ష్మి వెళ్లి అత్త పక్కన కూర్చుంది, తాకకుండా, సంచిని మధ్యలో పెట్టుకుని. సిద్ధమ్మ ఆ సంచిని తీసి కింద పడేసింది. చేయి చాచి కోడలి చేతి మీద పెట్టింది. ఆ చేయి చల్లగా, చెమటతో, గజగజ వణుకుతోంది.

మదనపల్లె చేరేదాకా వణుకుతూనే ఉంది. సిద్ధమ్మ దాన్ని వెనక్కి తీసుకోలేదు.